కరెంటు పోయినా, నెట్ పోయినా ఇంటి నుంచి కోడింగ్ పని ఆగకుండా చూసుకోవడం ఎలా?

పండక్కి ఊరొచ్చిన పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, ఇక్కడ కూర్చుని నువ్వు పనెలా చేస్తున్నావు? మాకు పొద్దున్నోసారి, సాయంత్రమోసారి కరెంటు పోతోంది. వానొస్తే నెట్ కూడా ఉండదు. మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలీక టెన్షన్." గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి ఫోన్ చేసేవాళ్లదీ ఇదే గొడవ. ఒక్కొక్కరికి విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను 2020 లాక్‌డౌన్‌లో ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదటి ఏడాది చేసిన తప్పు ఒకటుంది, అది మీరు చేయకండి: ఎక్కువ స్పీడు ప్లాన్ల మీద డబ్బు పోశాను. లైను తెగినప్పుడు 30 ఎంబీ ప్లానూ, 200 ఎంబీ ప్లానూ ఒకటే. నెట్ లేని రెండు గంటలు కూడా లాప్‌టాప్‌లో పని సాగేలా ముందే సర్దుకోవాలి. నెట్ వచ్చిన పది నిమిషాల్లో పంపాల్సింది పంపేసి, తెచ్చుకోవాల్సింది తెచ్చుకోవాలి. కింద రాసినవన్నీ దానికోసమే.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- బ్యాటరీ కనీసం మూడు గంటలు నిలిచే లాప్‌టాప్. పాతదైతే బ్యాటరీ ఒక్కటి మార్పించినా చాలు.
- రౌటర్‌కి మినీ యూపీఎస్ (కరెంటు పోతే రౌటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె). ఫైబర్ మోడెమ్, వైఫై రౌటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ కావాలి.
- రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, మంచి డేటా కేబుల్.
- ఇన్వర్టర్, బ్యాటరీ. ఇంట్లో ఇప్పటికే ఉంటే కొత్తది అక్కర్లేదు.
- హార్డ్ డిస్క్‌లో 50 జీబీ అయినా ఖాళీ.
- ఒక ఆదివారం పూట తీరిక. అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎందుకో చివరి మెట్టులో చెబుతాను.

1. రౌటర్‌ని బతికించండి

రౌటర్ అడాప్టర్‌ని తిరగేసి లేబుల్ చదవండి. "అవుట్‌పుట్" అన్న చోట 12 వోల్టులు, 1 ఆంప్ అనో, 1.5 ఆంప్ అనో ఉంటుంది. కొన్ని చిన్న రౌటర్లు 9 వోల్టులవి, 5 వోల్టులవి కూడా ఉంటాయి. మినీ యూపీఎస్ వోల్టు సరిగ్గా అంతే ఉండాలి. ఆంప్ మాత్రం అంతో, అంతకన్నా ఎక్కువో ఉండొచ్చు. పిన్ గుర్తు కూడా చూడండి: రెండు చిన్న వలయాల మధ్య చుక్క నుంచి ప్లస్‌కి గీత ఉంటే లోపలి పిన్ ప్లస్. యూపీఎస్ మీద కూడా అదే గుర్తుండాలి. వోల్టు తప్పినా, ప్లస్ మైనస్ తారుమారైనా రౌటర్ కాలిపోవచ్చు.

డబ్బా మీద "8800 ఎంఏహెచ్" లాంటి పెద్ద అంకె చూసి మోసపోకండి. అది లోపలి సెల్ వోల్టేజి 3.7 దగ్గర లెక్క. 8.8ని 3.7తో గుణిస్తే సుమారు 32 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే చేతికి 26 దాకా వస్తాయి. మోడెమ్, రౌటర్ కలిపి 10 వాట్లు తీసుకుంటే రెండున్నర గంటలు నడుస్తాయి. మన కోతలకి అది చాలు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: "యూపీఎస్ పెట్టాను, రౌటర్ వెలుగుతోంది, అయినా నెట్ రావట్లేదు." మోడెమ్ మీద ఎర్రగా కొట్టుకునే ఎల్‌ఓఎస్ లైటు చూడండి. అది వెలిగితే మీ ఇంటిదాకా కాంతి రావట్లేదని అర్థం. దారిలో కేబుల్ తెగి ఉండాలి, లేదా ఆపరేటర్ వైపు పెట్టెకి కరెంటు పోయి ఉండాలి. మీ ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లు పెట్టినా దానికి మందు లేదు. వెంటనే రెండో మెట్టుకి వెళ్లండి.

ఇన్వర్టర్ లెక్క కూడా ఇక్కడే చేసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకి 1800 వాట్ అవర్లు ఉంటాయి. సగమే నమ్మండి, అంటే 900. లాప్‌టాప్ 50, మామూలు ఫ్యాను 75, మోడెమ్, రౌటర్ 15, బల్బు 10. మొత్తం 150 వాట్లు, అంటే ఆరు గంటలు. ఫ్యాను బీఎల్‌డీసీది పెట్టుకుంటే 30 వాట్లకి దిగి, అదే బ్యాటరీ ఎనిమిది గంటలు దాటుతుంది. మే నెలలో ఆ రెండు గంటల విలువ మీకే తెలుస్తుంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఇన్వర్టర్ వెనక మీటని "యూపీఎస్" వైపు పెట్టండి. "ఎకో" వైపు ఉంటే కరెంటు మారే క్షణంలో సిస్టం రీస్టార్ట్ అయిపోవచ్చు.

హెచ్చరిక: వేసవిలో సాయంత్రం గాలివాన పట్టినప్పుడు యూపీఎస్ ఉందన్న ధైర్యంతో కూర్చోకండి. అడాప్టర్‌తో పాటు స్తంభం నుంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా పీకేయండి. ఫైబర్ తీగలో కరెంటు రాదు. కానీ స్తంభం మీది పెట్టె నుంచి ఇంటికి రాగి ల్యాన్ వైరు లాగి ఉంటే, పిడుగు ఆ దారినే లోపలికి వస్తుంది. మా అమ్మకి కోడింగ్ తెలీదు. కానీ మహేంద్రగిరి వైపు మబ్బు నల్లబడగానే కింద నుంచి "ఒరే, వానొచ్చీలాగుంది, నీ వైర్లు పీకీరా" అని కేకేస్తుంది. ఆ కేక నా రౌటర్ పోర్టులు రెండుసార్లు కాపాడింది.

2. రెండు సిమ్‌లు: ఒకటి ఒడిశాది, ఒకటి ఆంధ్రాది

సరిహద్దులో ఉన్నవాళ్లకే ఎదురయ్యే తిరకాసు ఇది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుణ్ణి అడిగితే తెలీదు. టెలికాం లెక్కల్లో ఒడిశా ఒక సర్కిల్, ఆంధ్రప్రదేశ్ తెలంగాణలు కలిపి ఇంకో సర్కిల్. పర్లాకిమిడికి ఆనుకునే ఆంధ్రా వైపు పాతపట్నం ఉంది. మేడ మీద తూర్పు గదిలో ఒక టవరు, పడమటి గదిలో ఇంకో టవరు పట్టుకోవచ్చు. అవతలి సర్కిల్ టవరు పట్టుకుంటే ఫోన్ మీద "ఆర్" (రోమింగ్) అక్షరం కనిపిస్తుంది. అప్పుడు చాలా ఫోన్లలో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాదు. జనం దీన్ని "నెట్‌వర్క్ పాడైంది" అనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

చేయాల్సినవి:

- మీ ప్లాన్‌లో దేశంలోపలి రోమింగ్‌కి అదనపు ఛార్జీ లేదని చూసుకుని, రెండు సిమ్‌లకీ డేటా రోమింగ్ ఆన్ చేయండి.
- రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవి వద్దు. ఒక టవరు పడిపోతే రెండూ పడిపోతాయి.
- ఫోన్ రెండు టవర్ల మధ్య ఊగిసలాడుతుంటే నెట్‌వర్క్ ఎంపికను మాన్యువల్‌లో పెట్టి ఒకదానికి కట్టేయండి. ఊరు దాటి వెళ్లేటప్పుడు మళ్లీ ఆటోమేటిక్ చేయడం మర్చిపోకండి.
- కూర్చునే చోటు నెట్ వేగం చూసి ఎంచుకోండి. మా ఇంట్లో టేబుల్‌ని కిటికీ వైపు నాలుగడుగులు జరిపితే ఫోన్ నెట్ నిలకడగా వచ్చింది.

వైఫై హాట్‌స్పాట్ కంటే యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి ఇవ్వడం) నమ్మకం. ఫోన్ చార్జ్ అవుతూ ఉంటుంది, కనెక్షన్ ఊరికే తెగదు. కేబుల్ మాత్రం డేటాది కావాలి. చార్జింగ్‌కే పనికొచ్చే చవక కేబుళ్లతో టెథరింగ్ మీట అసలు ఆన్ అవదు.

ఓటీపీల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఆఫీసు లాగిన్‌కి ఎస్ఎంఎస్ ఓటీపీ పెట్టుకుని ఉంటే ఆథెంటికేటర్ యాప్‌కి మారండి. అందులో కోడ్ ఫోన్ లోపలే తయారవుతుంది, సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్ టైము సరిగ్గా ఉంటే చాలు.

3. హాట్‌స్పాట్‌ని ఎవరూ తాగేయకుండా కట్టడి చేయండి

రోజుకి 2 జీబీ ప్లాను. కరెంటు పోయింది, ఫోన్‌కి తగిలించారు, పావుగంటలో "డేటా 100 శాతం అయిపోయింది" అని మెసేజ్. చేసింది మీరు కాదు, విండోస్ అప్‌డేట్. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్లి, ఆ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కి చెప్పేది) ఆన్ చేయండి. యూఎస్‌బీతో తగిలిస్తే అది ఈథర్‌నెట్‌గా కనిపిస్తుంది, దానికి విడిగా మళ్లీ ఆన్ చేయాలి. చాలామంది వదిలేసేది ఈ రెండోదే.

క్లౌడ్ ఫోల్డర్ల సింక్ ఆపండి. ఫోన్‌లో ఫోటోల బ్యాకప్ "వైఫై మీద మాత్రమే" అని పెట్టండి. డాకర్, ఎన్‌పీఎమ్ లాంటి, కోడింగ్‌కి కావాల్సిన సరుకు దించే టూల్స్ మీటర్డ్ అన్న మాటని పట్టించుకోవు. ఫోన్ డేటా మీద ఉన్నంతసేపు వాటి జోలికి మీరే వెళ్లకూడదు.

4. కోడ్ మొత్తాన్నీ ఇంటికి తెచ్చుకోండి

గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రని దాచే టూల్. అందులో మీ లాప్‌టాప్‌లో ఉన్నది పూర్తి కాపీ. కమిట్ (మార్పుని చరిత్రలో నమోదు చేయడం), బ్రాంచ్ (కోడ్‌లో విడిగా ఒక శాఖ), డిఫ్ (తేడాలు చూడడం), పాత చరిత్ర చూడడం, వీటికి నెట్ అక్కర్లేదు. సర్వర్‌కి పంపే పుష్, అక్కడి నుంచి తెచ్చే పుల్, ఫెచ్‌లకి మాత్రమే కావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం భయం పోతుంది.

కానీ మొదటిసారి క్లోన్ చేయడమే, అంటే సర్వర్ నుంచి మొత్తం దించుకోవడమే, మన లైన్ల మీద పెద్ద పరీక్ష. 3 జీబీ రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర అంతా ఉండేది) 80 శాతం దిగాక నెట్ పోతే గిట్ అక్కడి నుంచి అందుకోదు, మొదటి నుంచి మొదలెడుతుంది. నేను ఒక రాత్రంతా నాలుగుసార్లు మొదలుపెట్టాను. ముక్కలుగా దించుకోవడం నేర్చుకున్నాక ఆ బాధ తీరింది:

- ముందు "గిట్ క్లోన్ --డెప్త్ 1" అని చివరి కమిట్ ఒక్కటే దించండి. చిన్నది, తొందరగా వస్తుంది.
- తర్వాత ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి "గిట్ ఫెచ్ --డీపెన్ 500" అని కొంచెం కొంచెంగా వెనక్కి వెళ్లండి. మధ్యలో తెగితే ఆ ముక్క మాత్రమే పోతుంది.
- నెట్ బాగున్న రోజు "గిట్ ఫెచ్ --అన్‌షాలో" అంటే మిగిలిన చరిత్ర వచ్చేస్తుంది.
- ఇలా దించిన కాపీ ఒక్క బ్రాంచ్‌నే పట్టుకుని ఉంటుంది. మిగతావి కావాలంటే "గిట్ రిమోట్ సెట్-బ్రాంచెస్ ఆరిజిన్", ఆ తర్వాత కోట్స్‌లో ఒక స్టార్ గుర్తు కొట్టి, మళ్లీ ఫెచ్ చేయండి.

హెచ్చరిక: "--ఫిల్టర్" పెట్టి చేసే పార్షియల్ క్లోన్ కూడా చిన్నగానే దిగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ పాత ఫైలు తెరవబోయినప్పుడు అప్పటికప్పుడు సర్వర్‌ని అడుగుతుంది. నెట్ లేకపోతే చేతులెత్తేస్తుంది. మనలాంటి చోట్ల అది వద్దు.

5. లైబ్రరీలు నిల్వ చేసుకోండి

కోడ్ ఉంటే చాలదు. బిల్డ్ నడవాలంటే దాని సరుకంతా ఇంట్లో ఉండాలి. వర్షాకాలానికి ముందు పప్పు, ఉప్పు తెచ్చి పెట్టుకున్నట్టే.

*పైథాన్:* "పిప్ డౌన్‌లోడ్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ -డి వీల్స్" అంటే అన్నీ వీల్స్ అనే ఫోల్డర్‌లోకి దిగుతాయి. తర్వాత నెట్ లేకుండా "పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ వీల్స్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ". విండోస్‌లో దించినవి లినక్స్‌లో పనికిరాకపోవచ్చు, పైథాన్ వెర్షన్ మారినా అంతే. ఏ మెషీన్‌లో వాడతారో అక్కడే దించండి.

*జావా, మావెన్:* "ఎంవీఎన్ డిపెండెన్సీ:గో-ఆఫ్‌లైన్" ఉంది, కానీ అది కొన్ని ప్లగిన్లను వదిలేస్తుంది. దాని మీదే ఆధారపడకుండా, నెట్ ఉన్నప్పుడు టెస్టులతో సహా పూర్తి బిల్డ్ ఒకసారి నడపండి. ఆ తర్వాత "ఎంవీఎన్ -ఓ" పెట్టి ఆఫ్‌లైన్‌లో నడుస్తోందో లేదో చూడండి.

*నోడ్:* ఇక్కడ కొంచెం ఆగి చదవండి. "ఎన్‌పీఎమ్ సీఐ" అన్న కమాండు ముందుగా లైబ్రరీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని పూర్తిగా చెరిపేసి, ఆ తర్వాత కొత్తగా నింపుతుంది. ఒక రిలీజ్ రోజు కరెంటు పోయి ఫోన్ డేటా మీద ఉన్నాను. ఏదో తేడా కొడుతోందని అలవాటుగా "ఎన్‌పీఎమ్ సీఐ" కొట్టాను. పాతది చెరిగిపోయింది. కొత్తది సగంలో ఉండగా టవరు కూడా పడిపోయింది. అప్పటిదాకా నడుస్తున్న ప్రాజెక్టు కళ్లముందే నిలిచిపోయింది, రాత్రి తొమ్మిదిన్నరకి నెట్ వచ్చేదాకా నేను చేయగలిగింది ఏమీ లేదు. అందుకే: నెట్ లేనప్పుడు సీఐ జోలికి పోకండి. తప్పదనుకుంటే ముందు నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టుకోండి. నెట్ ఉన్నప్పుడు కూడా "--ప్రిఫర్-ఆఫ్‌లైన్" జోడిస్తే లోపలి క్యాష్‌లో ఉన్నవాటిని మళ్లీ దించదు.

*డాకర్:* వాడే బేస్ ఇమేజ్‌లన్నీ ముందే పుల్ చేసుకోండి. డాకర్ ఫైల్‌లో "ఆప్ట్-గెట్ అప్‌డేట్" లాంటి వరస ఉంటే, ఆ లేయర్ క్యాష్‌లో ఉన్నంతవరకే ఆఫ్‌లైన్‌లో బిల్డ్ అవుతుంది. దానికి పైన ఒక్క వరస మార్చినా క్యాష్ పోతుంది. "జాగా చాలట్లేదు" అని "డాకర్ సిస్టం ప్రూన్ -ఏ" కొట్టేముందు ఆలోచించండి, నెలంతా కూడబెట్టిన ఇమేజ్‌లు ఒక్క క్షణంలో పోతాయి.

కమిట్ చేసేటప్పుడు నడిచే ప్రీ-కమిట్ హుక్‌లు ఉంటే వాటిని కూడా నెట్ ఉన్నప్పుడు ఒకసారి నడపండి. మొదటిసారి అవి సరంజామా దించుకుంటాయి. ఆ పని జరగకపోతే నెట్ లేనప్పుడు కమిట్ కూడా అవదు.

6. డాక్యుమెంటేషన్

విండోస్, లినక్స్‌లకి జీల్, మ్యాక్‌కి డ్యాష్, బ్రౌజర్‌లోనే కావాలంటే డెవ్‌డాక్స్. మూడింటిలోనూ మీకు కావాల్సిన భాషల పుస్తకాలు ఎంచుకుని ఆఫ్‌లైన్‌కి దించుకోవచ్చు. అన్నీ దించకండి, రోజూ తెరిచేవి నాలుగైదు చాలు.

7. రోజువారీ అలవాటు: ముందు పంపు, తర్వాత టీ

పొద్దున్న కూర్చోగానే "గిట్ ఫెచ్ --ఆల్". పగలంతా మీ సొంత బ్రాంచ్‌లో చిన్న చిన్న కమిట్లు. సగం పనైనా సరే, "సగంలో ఉంది" అని రాసి కమిట్ చేయండి. చివర్లో అన్నీ కలిపి ఒక్కటి చేసుకోవచ్చు. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ "గిట్ పుష్". టీకి లేచినా, అన్నానికి లేచినా, గుమ్మంలో ఎవరైనా పిలిచినా ముందు పుష్. మన దగ్గర కరెంటు చెప్పి పోదు.

ఎడిటర్‌లో ఆటో సేవ్ ఆన్ చేయండి. వీఎస్ కోడ్‌లో ఫైల్ మెనూలోనే ఉంటుంది. కానీ సేవ్ వేరు, కమిట్ వేరు, పుష్ వేరు. సేవ్ చేసింది ఆ ఫైల్లో ఉంటుంది. కమిట్ చేసింది మీ డిస్క్‌లో చరిత్రగా ఉంటుంది. పుష్ చేసింది మాత్రమే లాప్‌టాప్ పాడైనా మిగులుతుంది.

బలహీనమైన నెట్ మీద పెద్ద పుష్ పదేపదే తెగిపోతుంటే, చాలామంది గిట్‌లో "పోస్ట్ బఫర్" అన్న సెట్టింగ్ పెంచుతారు. చాలాసార్లు దానివల్ల ఉపయోగం ఉండదు. ముక్కలుగా పంపండి: ముందు పాత కమిట్ హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) ఒకటి తీసుకుని "గిట్ పుష్ ఆరిజిన్ హ్యాష్:రెఫ్స్/హెడ్స్/మీ-బ్రాంచ్" అని అక్కడిదాకా పంపి, ఆ తర్వాత మిగతావి పంపాలి. ఇదీ చిన్న కమిట్లకే సాధ్యం. ఇరవై ఫైళ్లూ, ఒక వీడియో కలిపి ఒక్క కమిట్ చేస్తే ముక్కలు చేయడానికి ఏమీ ఉండదు.

8. రిమోట్ సర్వర్ మీద పని చేసేవాళ్లకి

ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) నేరుగా పెద్ద జాబ్ మొదలుపెట్టకండి. ముందు సర్వర్‌లో టీమక్స్ అనే టూల్ తెరిచి, అందులో నడపండి. నెట్ తెగినా జాబ్ అవతల నడుస్తూనే ఉంటుంది, తిరిగొచ్చి "టీమక్స్ అటాచ్" అంటే వదిలిన చోటే ఉంటుంది. రౌటర్ నుంచి హాట్‌స్పాట్‌కి మారినా తెగకూడదంటే ఎస్ఎస్‌హెచ్ బదులు మోష్ అనే టూల్ బాగుంటుంది. కానీ అది యూడీపీ 60000 నుంచి 61000 పోర్టులు వాడుతుంది. ఆఫీసు ఫైర్‌వాల్ ఒప్పుకోకపోతే నడవదు, అప్పుడు టీమక్స్ ఒక్కటే దిక్కు.

9. మీటింగులు

వీడియో ఆన్‌లో ఉంటే గంటకి జీబీ దాకా పోతుంది. మాట ఒక్కటే అయితే వంద ఎంబీ లోపే. ఫోన్ డేటా మీద ఉన్నప్పుడు వీడియో ఆపండి, ఎదుటివాళ్ల వీడియో రావడం కూడా ఆపండి. మీటింగ్ ఆహ్వానంలో డయల్-ఇన్ నంబరు ఉంటే కాగితం మీద రాసి టేబుల్‌కి అంటించండి. నెట్ పూర్తిగా లేకపోయినా మామూలు కాల్ కలుస్తుంది. టీమ్‌కి మొదటి వారంలోనే నిజం చెప్పేయండి: "మా ఊళ్లో రోజుకి గంటా రెండు గంటలు కరెంటు ఉండదు, ఆ టైములో నా పని ఆగదు, మెసేజ్‌కి జవాబు మాత్రం ఆలస్యం కావచ్చు." దాచిపెట్టి ప్రతిసారీ సాకు వెతుక్కోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. నేను చెప్పిన రోజు మా మేనేజర్ అడిగింది ఒకటే, "డెలివరీ తేదీ మారుతుందా?" అని. మారదన్నాను, అంతే.

10. ఇంట్లోవాళ్లని కలుపుకోండి

మీరు కాల్‌లో ఉండగా కరెంటు పోతే కంప్లైంట్ ఎవరు ఇస్తారు? కరెంటు మీటరు కన్జ్యూమర్ నంబరు, నెట్ ఆపరేటర్ ఐడీ, కరెంటు కంప్లైంట్ నంబరు 1912 ఒక కాగితం మీద రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించండి. ఫోన్ ఎత్తేవాళ్లు ఒడియాలో మాట్లాడతారు. నాకంటే మా అమ్మ ఒడియా నయం. "లైన్ చాలిగలా" అని మొదలుపెట్టి వీధి పేరు, స్తంభం గుర్తు చెప్పేసి నిమిషంలో పని ముగిస్తుంది. మీ ఇంట్లో ఒడియా బాగా వచ్చినవాళ్లు ఎవరో చూసుకుని ఆ పని వాళ్లకి అప్పజెప్పండి.

ఇన్వర్టర్ మీద మిక్సీ, ఇస్త్రీ పెట్టె వేయకూడదన్నది అందరికీ తెలియాలి. ఓవర్‌లోడ్ అయితే ఇన్వర్టర్ ఆగిపోతుంది, మీ మీటింగూ ఆగిపోతుంది. చట్నీ కరెంటు ఉన్నప్పుడే రుబ్బుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూసే పని నాన్నగారిది మా ఇంట్లో. కుళాయి నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకూడదు.

తుపాను సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటిదానికి ఇన్వర్టర్, మినీ యూపీఎస్ చాలవు. హెచ్చరిక రాగానే అన్నీ పుష్ చేసి, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో టీమ్‌కి రాసి పంపి, ఫోన్లు నిండా చార్జ్ చేసుకోండి. ఆ నాలుగు రోజులు ఇల్లు, ఇంట్లోవాళ్లే ముఖ్యం.

కరెంటు పోయి వచ్చాక గిట్ మొండికేస్తే

*"ఇంకో గిట్ ప్రాసెస్ నడుస్తున్నట్టుంది" అంటోంది.* కమిట్ మధ్యలో సిస్టం ఆగిపోయినప్పుడు వచ్చేది ఇది. నిజంగా వేరే గిట్ ఏదీ నడవట్లేదని చూసుకోండి, ఎడిటర్ కూడా మూసేయండి. ఆ తర్వాత డాట్ గిట్ ఫోల్డర్‌లో "ఇండెక్స్.లాక్" అన్న ఒక్క ఫైలు తీసేయండి. కంగారులో డాట్ గిట్ ఫోల్డర్ మొత్తం తీసేసినవాళ్లని చూశాను, పుష్ చేయని కమిట్లన్నీ దానితోపాటే పోయాయి.

*"ఆబ్జెక్ట్ ఫైల్ ఖాళీగా ఉంది" అంటోంది.* రాస్తున్న క్షణంలో కరెంటు పోయింది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లలో ఎక్కువ. ఏదీ చెరపకుండా ముందు ఫోల్డర్ మొత్తాన్నీ ఇంకో చోటికి కాపీ చేయండి. "గిట్ ఎఫ్ఎస్‌సీకే --ఫుల్" నడిపితే ఏది పాడైందో చూపిస్తుంది. చాలాసార్లు సులువైన దారి: కొత్తగా క్లోన్ చేసి, పాత ఫోల్డర్‌లోంచి మీరు మార్చిన ఫైళ్లను మాత్రమే (డాట్ గిట్ వద్దు) దానిలోకి తెచ్చుకుని మళ్లీ కమిట్ చేయడం.

*"అహెడ్" అంకె (ఇంకా పంపాల్సిన కమిట్లు ఎన్నో చెప్పేది) లేదు, అన్నీ పంపేసినట్టేనా?* "గిట్ స్టేటస్" చూపించేది మీరు చివరిసారి సర్వర్‌తో మాట్లాడినప్పటి లెక్క. సర్వర్‌లోని బ్రాంచ్‌తో జత కలపని (ట్రాకింగ్ పెట్టని) కొత్త బ్రాంచ్ అయితే ఆ వాక్యమే రాదు, దాంతో అంతా పంపేశామనుకుంటారు. కొత్త బ్రాంచ్‌ని మొదటిసారి "గిట్ పుష్ -యూ ఆరిజిన్ హెడ్" అని పంపండి. అప్పటి నుంచి లెక్క సరిగ్గా చూపిస్తుంది.

11. ఆదివారం పరీక్ష

ఇన్ని చేసి పరీక్షించకపోతే లోపం రిలీజ్ రోజే బయటపడుతుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, ఆదివారం పదింటికి ఇలా చేయండి:

- రౌటర్ యూపీఎస్‌కి వచ్చే కరెంటు పీకండి. టైము రాసుకోండి. లైట్లు ఆరేదాకా వదిలేయండి. వచ్చిన నిమిషాలు మార్కర్‌తో యూపీఎస్ మీదే రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తే సెల్ ఎంత అరిగిందో తెలుస్తుంది.
- లాప్‌టాప్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ప్రాజెక్టుని వేరే ఫోల్డర్‌లోకి లోకల్‌గా క్లోన్ చేసి, బిల్డ్, టెస్టులు మొదటి నుంచి నడపండి. ఎక్కడ ఆగితే అది దించుకోవాల్సిన జాబితాలో రాయండి. నా మొదటి పరీక్షలో ఏడు చోట్ల ఆగింది.
- ఒక చిన్న మార్పు చేసి కమిట్ చేయండి. హుక్‌లు అడ్డు పడ్డాయా?
- ఫోన్ తగిలించి, పుష్ చేయండి. ఫోన్‌లో డేటా ఎంత ఖర్చయిందో చూడండి. ఒక చిన్న పుష్‌కి వందల ఎంబీలు పోయిందంటే మూడో మెట్టులో ఏదో వదిలేశారు.
- బ్రౌజర్‌లో రిపాజిటరీ తెరిచి ఆ కమిట్ అక్కడ కళ్లతో చూడండి.
- రెండో సిమ్‌తో కూడా ఇదే చేయండి. పక్క గదిలో ఒకసారి, మేడ మీద ఒకసారి.

ఆగిన చోట్లన్నీ సరిచేసి వచ్చే ఆదివారం మళ్లీ నడపండి. నాకు మూడో ఆదివారానికి ఎక్కడా ఆగకుండా పూర్తయింది.